శవపెట్టె కొనాల్సి వస్తే ఏది కొనాలి? శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు ఖర్చు కలిసొచ్చే పోలిక

చీర కొనడానికి నాలుగు షాపులు తిరుగుతాం. ఫ్రిజ్ కొనే ముందు బావగారిని, పక్కింటివాళ్లని, తెలిసిన మెకానిక్‌ని అడుగుతాం. శవపెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాత్రి పదకొండింటికి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి "ఎంతైనా పర్వాలేదండీ, పొద్దున్నే పంపండి" అనేస్తాం. అటువైపు మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు. ఎంతైనా పర్వాలేదన్నాక ఏ వ్యాపారి అయినా ముందు ఖరీదైనదే చూపిస్తాడు.

అందుకే ఈ సంగతి ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నప్పుడే, టీ తాగుతూ, నవ్వుకుంటూ మాట్లాడుకోవాలంటాను. శ్రీకాకుళంలో మా క్రైస్తవ సంఘంలో, అంటే మా చర్చిలో, ఎవరింటి నుంచి ఇలాంటి కబురు వచ్చినా పెట్టె, గొయ్యి, బండి పనులు చూసేవాళ్లలో నేనొకణ్ని. కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాలం నుంచి శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, సోంపేట వైపు, లూథరన్ మిషన్ కాలం నుంచి సాలూరు, పార్వతీపురం వైపు, ఇంకా కతోలిక విచారణల్లో (ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధుల్లో) పెట్టెతో భూస్థాపన చేసే కుటుంబాలు మా ప్రాంతంలో చాలానే ఉన్నాయి. అయినా పెట్టె ఎలా ఎంచుకోవాలో చెప్పేవాళ్లు లేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెట్టెకు ఉన్న పని మనిషిని ఇంటి నుంచి సమాధుల తోట దాకా గౌరవంగా చేర్చి, మెల్లగా కిందికి దిగడం. ఆ కొన్ని గంటలు గట్టిగా ఉంటే చాలు. వందేళ్లు నిలిచే పెట్టె కోసం అప్పు చేయకండి.

## ముందు చూడాల్సినవి

ధర కన్నా ముందు కొలత. మనిషి ఎత్తుకు నాలుగైదు అంగుళాలు కలిపితే పెట్టె లోపలి పొడవు వస్తుంది. మామూలు ఎత్తు మనిషికి ఆరుంపావు అడుగుల పొడవు, భుజాల దగ్గర రెండడుగుల వెడల్పు, పదిహేను అంగుళాల లోతు సరిపోతుంది. భారీ మనిషైతే పొడవు కాదు, భుజాల దగ్గరే ఇబ్బంది వస్తుంది. అది టేపు పెట్టి కొలవాల్సిందే, కంటితో చూసి చెప్పకూడదు. గొయ్యి తవ్వేవాళ్లకు మాత్రం పెట్టె బయటి కొలత, హ్యాండిళ్లతో సహా చెప్పండి. తోటలో అందరూ నిలబడి ఉండగా పెట్టె గొయ్యిలో పట్టక మళ్లీ పార తీయడం కన్నా బాధాకరమైనది ఇంకోటి లేదు.

తర్వాత బరువు. పైన చెప్పిన కొలతకు ముప్పావు అంగుళం చెక్కతో చేస్తే దాదాపు మూడు ఘనపుటడుగుల కర్ర పడుతుంది. బాగా ఎండిన కర్రయినా అది యాభై కిలోల పైమాటే. లోపల మనిషితో కలిపితే నూట పది, నూట ఇరవై. ఆరుగురు పట్టుకుంటే తలా ఇరవై కిలోలు. ఇది మోయగలిగిన బరువే. చెక్క అంగుళం మందం చేయిస్తే, అందులోనూ పచ్చి కర్ర అయితే, లెక్క మారిపోతుంది. మీ ఇల్లు రెండో అంతస్తులో ఉండి మెట్లు ఇరుకైతే ఇది ఇంకా ముఖ్యం. అలాంటి ఇళ్లలో పెట్టెను కిందే ఉంచి, మనిషిని దుప్పట్లో దించడం మంచిది.

మూడోది నీళ్లు. ఇది చాలామందికి తట్టదు. భావనపాడు, కళింగపట్నం లాంటి తీరం ఊళ్లలో, తుపాను రోజుల్లో అయితే లోపలి ఊళ్లలో కూడా, గొయ్యి తవ్వుతుండగానే నీరు ఊరుతుంది. మామూలు పెట్టె లోపలి జాగా మూడు వందల లీటర్లకు పైనే. నూట ఇరవై కిలోల బరువుతో నీళ్లలోకి దిగితే అది టేకైనా, మామిడైనా తేలుతుంది. అందుకే అడుగు చెక్కకు నాలుగైదు చోట్ల వేలు దూరేంత రంధ్రాలు వేయించాలి. నీరు లోపలికి వెళితే పెట్టె కుదురుగా కూర్చుంటుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు, వడ్రంగికి చెప్పాలి అంతే. మరి ఇంటి దగ్గర? లోపల పాలిథిన్ షీటు, దాని మీద పాత దుప్పటి పరిచి, తోటకు చేరాక షీటు అంచు రంధ్రాల మీద నుంచి తప్పిస్తే సరిపోతుంది.

ఇక మీ సంఘం లేదా విచారణ నియమాలు. పట్నాల్లో సమాధుల తోటల్లో జాగా తక్కువ. చాలాచోట్ల కొన్నేళ్లకు అదే కుటుంబం గోతిలోనే తర్వాతి వారిని ఉంచుతారు. అలాంటిచోట త్వరగా మట్టిలో కలిసే పెట్టె మేలు. ఈ ఒక్క మాట పాస్టర్ గారిని, ఫాదర్ గారిని ముందే అడిగితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

## వడ్రంగి చేసే మామిడి చెక్క పెట్టె

నన్నడిగితే ఎక్కువ కుటుంబాలకు ఇదే సరైనది. మామిడి కర్ర మన రెండు జిల్లాల్లో ఏ సామిల్లులో అయినా దొరుకుతుంది. తలుపులకు, మంచాలకు పనికిరాదని దాన్ని తక్కువ చేస్తారు. కారణం పురుగు పడుతుంది, తడికి త్వరగా పాడవుతుంది. పెట్టె విషయంలో ఆ రెండూ లోపాలు కావు. మట్టిలో కలవాల్సిన దానికి మట్టిలో కలిసే గుణం ఉండటం మంచిదే కదా.

ఖర్చు లెక్క మీరే వేసుకోవచ్చు. కర్రల అడితిలో మామిడి ఘనపుటడుగు ధర కనుక్కోండి. దాన్ని మూడుతో హెచ్చించి, ముక్కలు పోయే దానికి ఒక అరఘనపుటడుగు కలపండి. దానికి వడ్రంగి, సహాయకుడి ఒకరోజు కూలి, మేకులు, స్క్రూలు, లోపలి తెల్లగుడ్డ, పైన రంగో నల్లగుడ్డో చేర్చండి. వచ్చిన మొత్తమే పెట్టె అసలు ఖరీదు. ఎవరైనా దానికి రెండింతలు చెబితే ఆ తేడా దేనికని నెమ్మదిగా అడగొచ్చు.

ఇందులో ఒకటే చిక్కు, టైము. చెక్కలు కోసి సిద్ధంగా ఉంటే మధ్యాహ్నానికి అవుతుంది. లేకపోతే సామిల్లు తెరిచేదాకా ఆగాలి, ఆదివారమైతే ఇంకా కష్టం. అందుకని మీ వీధి వడ్రంగితో ముందే మాట్లాడుకోవడం అవసరం. నీలగిరి చెక్క చవగ్గా ఉందని ఎవరైనా అంటే వద్దనండి. మన దగ్గర తోటలు ఎక్కువే గానీ ఆ చెక్క ఆరేటప్పుడు వంకర తిరుగుతుంది, చీలుతుంది, మూత కూర్చోదు. సరుగుడు పలకలకు పనికిరాదు గానీ పెట్టె కింద మోయడానికి రెండు సరుగుడు వాసాలు కడితే దానికి మించిన హ్యాండిల్ లేదు. పనస కర్రను మాత్రం దీనికి వాడకండి. బొబ్బిలి వీణ అయ్యే కర్రను మట్టిలో పెట్టడం నాకు ప్రాణం ఒప్పదు.

## రెడీమేడ్ ప్లైవుడ్ పెట్టె

పట్నంలో ఉన్నవాళ్లకు, రాత్రి పోయి పొద్దున్నే భూస్థాపన అనుకున్నవాళ్లకు ఇదే దారి. గుడ్డ కప్పి, అంచులకు లేసు, మూత మీద సిలువ అతికించి సిద్ధంగా ఉంటుంది. చూడ్డానికి నీటుగా ఉంటుంది, బరువు కూడా తక్కువే.

ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒకటిన్నర ఉంటే ఒక పెట్టె అవుతుంది. ధర అడిగేటప్పుడు ఈ లెక్క మనసులో పెట్టుకోండి. పైన గుడ్డ కప్పి ఉంటుంది కాబట్టి లోపల ఏముందో తెలియదు. తలుపు తట్టినట్టు తట్టి చూడటం కాదు, అడుగు భాగం తిప్పి చూడాలి. అడుగు పలుచని షీటు అయితే మధ్యలో కుంగుతుంది. అడుగున అడ్డంగా కనీసం మూడు రీపర్లు (సన్న చెక్క పట్టీలు) ఉన్నాయా, అవి స్క్రూలతో బిగించారా, మేకులు కొట్టి వదిలేశారా చూడండి. హ్యాండిళ్లు చాలావరకు అలంకారానికే ఉంటాయి. వాటిని నమ్మి ఎత్తకూడదు, కిందనుంచి చేతులు వేయాలి.

వానాకాలంలో ఒక జాగ్రత్త. మామూలు కమర్షియల్ ప్లైవుడ్ తడిస్తే పొరలు విడిపోతుంది. ట్రాక్టరు మీద గంటసేపు వానలో వెళ్లాల్సి ఉంటే పైన టార్పాలిన్ కప్పకుండా తీసుకెళ్లకండి. పార్టికల్ బోర్డుతో చేసిన పెట్టె అయితే ఎంత చవకైనా నేను తీసుకోనివ్వను. తడి తగిలితే అది స్క్రూని పట్టి ఉంచదు.

## టేకు పెట్టె, అద్దాల పెట్టె

టేకు గొప్పదనం చెదలు పట్టకపోవడం, నీటికి చెక్కుచెదరకపోవడం. ఇంటి గుమ్మానికి అది వరం. గోతిలో ఆ గుణంతో పనేం లేదు, పైగా అదే గోతిని మళ్లీ వాడే తోటల్లో ఇబ్బంది. బరువులో కూడా మామిడికి పెద్ద తేడా ఉండదు, ధర మాత్రం ఎన్నో రెట్లు. నాన్నగారు తన చేతులతో నాటిన టేకు చెట్టు పెరట్లో ఉందనుకోండి, దాని పలకలతోనే ఆయన పెట్టె చేయాలని పిల్లలు అనుకుంటే అది వేరే సంగతి. అందులో ప్రేమ ఉంది, చేయండి. షాపులో కొనే టేకుకు ఆ కారణం లేదు.

ముఖం కనపడేలా మూతకు అద్దం పెట్టిన పెట్టెలు ఇప్పుడు ఎక్కువ అడుగుతున్నారు. ఊరివాళ్లంతా చూడటానికి వస్తారని. ఇంటి దగ్గర ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెచ్చినప్పుడు ఆ అవసరం అక్కడే తీరిపోతుంది కాబట్టి అద్దానికి వేరే డబ్బు పెట్టకండి. లోపల రేకు పరిచి, రబ్బరు బిగించి "గాలి కూడా దూరదు, శరీరం పాడవదు" అని చెప్పే పెట్టెలు అస్సలు వద్దు. అమెరికాలో రబ్బరు బిగింపు ఉన్న పెట్టె శరీరాన్ని ఎప్పటికీ కాపాడుతుందని చెప్పి అమ్మడాన్ని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమాలే నిషేధించాయి. పైగా మన నీటి గోతుల్లో గాలి బిగిసిన పెట్టె తేలకుండా ఉండదు.

## సంఘం పెట్టె

కొన్ని సంఘాల్లో ఒకే మంచి పెట్టె ఉంటుంది. మనిషిని అందులో తోట దాకా తెచ్చి, అక్కడ తెల్లగుడ్డలో చుట్టి, చాపతోనో పలకల మీదో గోతిలో ఉంచి, పెట్టెను తిరిగి తీసుకెళ్తారు. కుటుంబానికి పెట్టె ఖర్చే లేదు. పల్లె సంఘాల్లో ఇది పాత అలవాటు, పట్నం వచ్చాక వదిలేశాం. నాకైతే ఇది మళ్లీ రావాలని ఉంది. పదిమంది కలిసి ఒకసారి గట్టి పెట్టె చేయిస్తే, ఏళ్ల తరబడి ఎవరూ రాత్రిపూట అప్పుకోసం తిరగక్కర్లేదు. ఇలా తిరిగి వాడే పెట్టె ఒక్కటే టేకుతో చేయించదగ్గది. దాన్ని ప్రతిసారి కడిగి, ఎండబెట్టి, లోపలిగుడ్డ మార్చే మనిషి ఒకరు బాధ్యత తీసుకోవాలి, అది ముందే తేల్చుకోండి.

## ఒక్కచోట చూస్తే

| పెట్టె | దొరికే వేగం | మోయడం | వాన, నీటి గొయ్యి | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| మామిడి చెక్క | అరరోజు నుంచి ఒకరోజు | ఆరుగురు చాలు | బాగుంటుంది, అడుగు రంధ్రాలు ఉండాలి | తక్కువ | ఊళ్లో వడ్రంగి ఉన్న కుటుంబాలు |
| ప్లైవుడ్ రెడీమేడ్ | వెంటనే | తేలిక | టార్పాలిన్ తప్పదు | మధ్యస్థం, బేరం ఉంటుంది | పట్నం ఇళ్లు, తొందర ఉన్నవారు |
| టేకు | ఆర్డరిస్తేనే | మామిడిలాగే | బాగుంటుంది | చాలా ఎక్కువ | సొంత చెట్టు ఉన్నవారు |
| అద్దం, రబ్బరు బిగింపు | షాపును బట్టి | బరువెక్కువ | తేలుతుంది | ఎక్కువ | నేనెవరికీ చెప్పను |
| సంఘం పెట్టె | వెంటనే | గట్టిగా ఉంటుంది | గోతిలోకి దిగదు | ఏమీ లేదు | అందరికీ, సంఘం ఒప్పుకుంటే |

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉండి వచ్చేదాకా ఆగాల్సిన ఇల్లయితే, పెట్టె కన్నా ఫ్రీజర్ బాక్సు మీద శ్రద్ధ పెట్టండి. ఒకరోజు దొరుకుతుంది కాబట్టి పెట్టెను వడ్రంగి చేతే చేయించుకోవచ్చు. ఫ్రీజర్ బాక్సు అద్దె రోజుకా, గంటలకా, తెచ్చి తీసుకెళ్లే బండి ఖర్చు అందులోనే కలిసిందా, కరెంటు పోతే జనరేటరు ఎవరిది అన్నవి ముందే అడగాలి. పల్లెలో వోల్టేజీ తక్కువైతే బాక్సు చల్లబడదు, స్టెబిలైజరు కూడా పంపమనండి.

గల్ఫ్ నుంచి శరీరం రావాల్సిన ఇళ్లు సోంపేట, ఇచ్ఛాపురం, ఉద్దానం వైపు చాలా ఉన్నాయి. వాళ్లకు ఒక మాట. విమానంలో ఎలాగూ పెట్టెలోనే వస్తుంది. ఇంకో పెట్టె కొనకండి. ఆ పెట్టె మామూలుకన్నా పెద్దగా ఉండొచ్చు కాబట్టి కొలత తెలియగానే గొయ్యి తవ్వేవాళ్లకు ఫోన్ చేయండి.

ప్రభుత్వాసుపత్రిలో పోతే ఇంటికి చేర్చడానికి ప్రభుత్వం నడిపే మహాప్రస్థానం వాహనం ఉచితం. గేటు బయట ప్రైవేటు అంబులెన్సు మాట్లాడేముందు లోపల అడగండి. ఆ మిగిలిన డబ్బు పెట్టెకు అక్కరకొస్తుంది.

పెట్టె లేని సంప్రదాయాల వాళ్లకు ఈ పోలికలో పెద్దగా పని లేదు. పాడె ఖర్చు ఎప్పుడూ తక్కువే. అక్కడ డబ్బంతా కట్టెలకు, పెద్దకర్మ భోజనాలకు పోతుంది.

## చవక పెట్టె పెడితే ఎవరైనా ఏమనుకుంటారో?

ఈ ప్రశ్నే మనల్ని అప్పుల్లోకి దింపుతోంది. "ఏటి బాబూ, నాన్నకి మామిడి పెట్టా?" అని ఒక దూరపు మావయ్య అంటాడు. దానికి జవాబు తయారుగా ఉంచుకోండి. పోప్ ఫ్రాన్సిస్ గారిని 2025 ఏప్రిల్ 26న జింకు పరిచిన ఒకే ఒక్క సాదా చెక్క పెట్టెలో సమాధి చేశారు. అంతకుముందు పోపులకు ఒకదానిలో ఒకటిగా మూడు పెట్టెలు పెట్టే ఆనవాయితీని ఆయనే బతికుండగా మార్పించారు. ఆయనకు సరిపోయిన సాదాతనం మన నాన్నకు తక్కువవుతుందా?

ఇంకో కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో లూసియానాలో సెయింట్ జోసెఫ్ మఠం ఉంది. 2005లో కత్రినా తుపాను వాళ్ల కలప తోటల్ని పడగొట్టింది. ఆదాయం పోయిన సన్యాసులు సాదా చెక్క పెట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. లైసెన్సు ఉన్న అంత్యక్రియల వ్యాపారులు తప్ప ఎవరూ పెట్టెలు అమ్మకూడదని రాష్ట్ర బోర్డు అడ్డుపడింది. సన్యాసులు కోర్టుకెళ్లారు, 2013లో ఫెడరల్ అప్పీలు కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను కూల్చిన రోజుల్ని చూసినవాళ్లకు ఆ మఠం కష్టం వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యూనరల్ రూల్ ప్రకారం వ్యాపారి ప్రతి వస్తువు ధర విడివిడిగా చూపాలి, ఫోన్లో అడిగినా చెప్పాలి, పెట్టె బయట కొని తెచ్చుకున్నా అదనపు రుసుము వేయకూడదు. కాస్ట్‌కో లాంటి సూపర్ బజారు కూడా పెట్టెలు అమ్ముతుంది. మనకు అలాంటి నియమం లేకపోయినా ఆ మూడు ప్రశ్నలు మనం అడగొచ్చు. ధరలు విడివిడిగా చెప్పమనండి, పెట్టెకు ఎంత, గుడ్డకు ఎంత, బండికి ఎంత అని. ప్యాకేజీ అంటే వద్దనండి. ఫోన్లో చెప్పిన ధరను వాట్సాప్‌లో పెట్టమనండి. పెట్టె మాత్రం మాదే, బండి మీది అంటే ఒప్పుకుంటారా అని అడగండి.

ఇక సరదా సంగతి. ఘనా దేశంలో అక్రా పక్కన తేషిలో చేపలు పట్టేవారికి చేప ఆకారంలో, కోకో రైతుకు కోకో కాయ ఆకారంలో పెట్టెలు చేస్తారు. నాకు తెలిసిన వడ్రంగికి ఫోటో చూపిస్తే, "భావనపాడులో ఎవరైనా పడవ ఆకారం అడిగితే చేసిస్తానండి, కూలి మాత్రం రెండు రోజులు" అన్నాడు. అడిగేవాళ్లుంటే నేను కాదనను. ఇష్టంతో పెట్టే ఖర్చు వేరు, భయంతో పెట్టే ఖర్చు వేరు.

## ముందే సిద్ధం చేసుకోవాలంటే

మా సంఘంలో ఒక తాతగారు తన పెట్టె తానే చేయించి అటక మీద పెట్టించారు. ఏటా ఒకసారి దింపించి, దుమ్ము దులిపి, పక్కన నిలబడి "ఇంకా సరిపోతున్నానా?" అని చూసుకునేవారు. మనవలు అందులో దాక్కుని ఆడుకునేవారు. ఆయన పోయిన రోజు ఇంట్లో ఏడుపు ఉంది గానీ టెన్షన్ లేదు. అందరూ ఆయన పక్కనే కూర్చోగలిగారు.

పెట్టె ఇంట్లో పెట్టుకోవడం చాలామందికి ఇష్టం ఉండదు, అర్థం చేసుకోగలను. అప్పుడు ఒక కాగితం చాలు. దాని మీద కొలతలు, వడ్రంగి నంబరు, సామిల్లు నంబరు, సంఘంలో గొయ్యి పని చూసేవారి నంబరు, ఏ పెట్టె కావాలన్న మీ మాట రాసి ఆధార్ కార్డు ఉన్న కవర్లోనే పెట్టండి. కింద మీరు సంతకం చేస్తే ఆ మావయ్య కూడా ఏమీ అనలేడు.

పెట్టె ఖర్చులో మిగిలిన డబ్బుతో సమాధి రాయి పెట్టించాలనుకుంటే తొందరపడకండి. మట్టి కుదురుకోవడానికి ఒక వానాకాలం పోనివ్వాలి. టెక్కలి వైపు గ్రానైటు యూనిట్లలో కోతల్లో మిగిలిన ముక్కలు దొరుకుతాయేమో అడగండి. పేరు, తేదీలు, ఒక వాక్యం చెక్కడానికి పెద్ద పలక అక్కర్లేదు.

మరణ నమోదు మాత్రం 21 రోజుల్లోపు చేయించండి, ఆ లోపు రుసుము ఉండదు. ఇంట్లో పోతే పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి చెప్పాలి. ఆసుపత్రిలో పోతే వాళ్లే పంపుతారు, పేరు, ఇంటిపేరు స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా అన్నది అక్కడే చూసుకోండి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాల్సి వస్తుంది, బ్యాంకు, పింఛను, పొలం కాగితాలన్నీ దాని కోసం ఆగిపోతాయి.